ప్రయాణంలో పథ్యపు పెట్టె



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో ప్రయాణాలు మొదలవుతాయి. ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, మనుమలు మనుమరాండ్రతో ఇల్లు నిండుతుంది, మళ్ళీ వారిని దిగబెట్టడానికి మనలో ఎవరో ఒకరు రైలెక్కవలసి వస్తుంది. దారిలో తినడానికి ఏమి కట్టుకుపోవాలన్నది ఆరోగ్యవంతులైన పిల్లలున్న ఇంట్లో పెద్ద సమస్య కాదు. పులిహోర పొట్లమో, నాలుగు రొట్టెలూ ఖీమా కూరో చాలు. అవి పాడైతే స్టేషనులో ఏదో ఒకటి కొని పెడతాము. కాని ఇంట్లో ఒక బిడ్డ పథ్యం మీద ఉంటే ఆ ‘ఏదో ఒకటి’ అనే మాటకు అవకాశం ఉండదు. ఇంటి నుంచి తెచ్చిన డబ్బా పాడైతే ఆ బిడ్డకు ఇక ఆకలి ఒక్కటే మిగులుతుంది. ఈ నెల ఆ డబ్బాను గురించే వ్రాయదలిచాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది, దానినీ దాచకుండా చెబుతాను.

మా పెద్దమ్మాయి కాపురం ఢిల్లీలో. ఆమె రెండవ కుమారునికి నాలుగో ఏట సీలియాక్ వ్యాధి ఉన్నదని వైద్యులు నిర్ధారించారు. అంతకు ముందు రెండేళ్ళు వాడు ఎదగలేదు. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ సన్నబడి, నెలకు రెండుసార్లు విరేచనాలతో మంచం పట్టేవాడు. ఏలికపాములని కొందరు, దిష్టి అని కొందరు అన్నారు. చివరకు రక్తపరీక్ష, ఆపైన చిన్నపేగు నుంచి తీసిన ముక్క పరీక్ష చేసి అసలు సంగతి చెప్పారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ వ్యాధి ఉన్నవారి శరీరం ఆ గ్లూటెన్ లోపలికి వెళ్ళినప్పుడల్లా తన చిన్నపేగు లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే సన్నని నూగు అణగిపోతుంది. దీనికి మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే చికిత్స. అలా తింటే పేగు మెల్లగా కోలుకుంటుంది, పిల్లవాడు ఎదుగుతాడు.

మన దస్తర్‌ఖాన్ మీద ఉన్నవాటిని ఒకసారి తలచుకోండి. రమజాన్‌లో హలీమ్, అందులో గోధుమ. ఈద్ నాటి షీర్ ఖుర్మా, అందులో సేమ్యా. సమోసా, పరాఠా, నాన్, షీర్‌మాల్, బిస్కెట్, బ్రెడ్డు, బొంబాయి రవ్వ ఉప్మా, అన్నీ వానికి నిషిద్ధమే. అయితే మన తెలుగు నేల మీద పుట్టడం ఒక విధంగా వాని అదృష్టం. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి సంకటి, మొక్కజొన్న, పప్పులు, మాంసం, గుడ్లు, పాలు, పెరుగు అన్నీ తినవచ్చు. కాని వీటిలోనూ రెండు మూడు చాటు ప్రమాదాలున్నాయి. మర దగ్గర గోధుమలు పట్టిన వెంటనే మన జొన్నలు పోస్తే ఆ పిండిలో గోధుమపిండి కలిసిపోతుంది. అందుకే మా ఇంట్లో జొన్నలు మిక్సీలోనే వేస్తారు. బజారు ఇంగువపొడి చాలావరకు మైదాతో కలిపి చేసినదే, కాబట్టి పులిహోర కూడా అనుమానించవలసిన వస్తువే. కొనే పొట్లాల మీద ‘గ్లూటెన్ రహితం’ అన్న మాట ఉన్నదో లేదో చూడాలి. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేనప్పుడే ఆ మాట ముద్రించాలి.

ఇప్పుడు నా తప్పు సంగతి. వ్యాధి తెలిసిన ఏడాది మే నెలలో అమ్మాయినీ పిల్లలిద్దరినీ దిగబెట్టడానికి నేను వెంట వెళ్ళాను. ఉదయం హైదరాబాదులో బయలుదేరే బండి, మధ్యాహ్నానికి నాగపూరు, రాత్రికి భోపాల్, మర్నాడు పొద్దున ఢిల్లీ. స్లీపరు బోగీ. చిన్నవాని కోసం వాళ్ళ నానీ తెల్లవారుజామున లేచి కిచిడీ, ఖీమా వండి, వేడివేడిగా స్టీలు గిన్నెలకెత్తి మూతలు బిగించింది. నేను గొప్ప తెలివిగా ఐసు ముక్కలు ఒక ప్లాస్టిక్ కవరులో పోసి, గిన్నెల పక్కన పెట్టి, అన్నిటినీ ఒక గుడ్డసంచిలో సర్దాను. బల్లార్షా దాటక ముందే ఐసు కరిగిపోయింది. కవరు చిరిగి ఆ నీళ్ళు కిచిడీ గిన్నెలోకి దిగాయి. బండి ఎక్కడో సిగ్నలు దగ్గర రెండు గంటలు ఆగింది. నాగపూరు చేరేసరికి ఖీమా మూత తీస్తే వాసన మారింది. అమ్మాయి మాట్లాడకుండా రెండు గిన్నెలూ పారబోసింది. చేతిలో మిగిలినవి నాలుగు అరటిపండ్లు.

సాయంకాలానికి అవీ అయిపోయాయి. పిల్లవాడు ఏడ్వడం మొదలుపెట్టాడు. ఎదురు సీటు పెద్దావిడ జాలిపడి బిస్కెట్ల పొట్లం చాచింది. ‘‘బిస్మిల్లా అని పెట్టండి, ఏమీ కాదు’’ అన్నది. అమ్మాయి పెద్దవాడిని ముఖం కడిగించడానికి తీసుకువెళ్ళిన సమయం అది. ‘ఒక్కటి, రెండు తింటే ఏమవుతుందిలే’ అనుకొని నేనే వాని చేతికి రెండు బిస్కెట్లు ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, వైద్యుడు ఎదుట కూర్చోబెట్టి చెప్పిన పాఠాన్ని ఒక ఏడుపుకు మరిచాను. భోపాల్ దాటాక వాంతులు. ఢిల్లీలో మూడు రోజులు విరేచనాలు, కడుపునొప్పి. అమ్మాయి వచ్చి నన్ను అడిగిన మాట ఒక్కటే: ‘‘అబ్బాజాన్, మీరు ఇచ్చారా?’’ అవునన్నాను. ఆమె మరి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు. ఆమెకు తెలియదు. బిస్మిల్లా అనడం భోజనానికి మర్యాద, పథ్యానికి ప్రత్యామ్నాయం కాదని చెప్పవలసిన వాడిని నేను. తిరిగి వచ్చాక ఆలోచిస్తే ఆ బిస్కెట్ల తప్పుకు మూలం నాగపూరులో పారబోసిన కిచిడీలో ఉన్నదనిపించింది. ఆహారం చల్లగా నిలిచి ఉంటే బిస్కెట్ల దాకా వచ్చేది కాదు.

దారి చూపినది మా ఊరి ఏ.ఎన్.ఎం. సోదరి. పోలియో చుక్కల రోజున ఆమె భుజానికి తగిలించుకొని వచ్చే నీలం పెట్టెను మీరూ చూసే ఉంటారు. మండుటెండలో ఊరంతా తిరిగినా లోపలి మందు చల్లగానే ఉంటుంది. ఎలాగని అడిగితే మూత తీసి చూపింది. దళసరి గోడలు, నాలుగు గోడలకూ ఆనుకొని నాలుగు మంచు పలకలు, నడుమ మందు. ‘‘మౌల్వీసాబ్, ఇందులో మాయ ఏమీ లేదు. మంచు గట్టిగా ఉండాలి, పెట్టె గట్టిగా ఉండాలి, మూత ఊరికే తీయకూడదు’’ అన్నది. మా ప్రయాణపు పెట్టెకు ఆ నీలం పెట్టే నమూనా.

ఆమె మాటల వెనుక ఉన్న కారణాన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి, కారణం తెలిస్తే పద్ధతి మరవము. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకాలరీ వేడి చాలు. కాని ఒక కిలో మంచు కరగాలంటే 80 కిలోకాలరీల వేడిని మింగాలి. పైగా అది పూర్తిగా కరిగేంతవరకు సున్నా డిగ్రీల వద్దనే నిలిచి ఉంటుంది. అందువల్ల చల్లని నీళ్ళ సీసాలు పెట్టడం వేరు, గడ్డకట్టిన సీసాలు పెట్టడం వేరు. చిన్న ముక్కలు త్వరగా కరుగుతాయి, ఎందుకంటే వాటికి గాలి తగిలే ఉపరితలం ఎక్కువ. ఒక లీటరు సీసాలో గడ్డకట్టిన ముద్ద చాలాసేపు నిలుస్తుంది. కరిగినా నీళ్ళు సీసాలోనే ఉంటాయి, గిన్నెలోకి దిగవు. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు పదోవంతు వ్యాకోచిస్తుంది కాబట్టి సీసాను మూతి దాకా నింపకూడదు, నాలుగు వేళ్ళ వెలితి ఉంచాలి. ఈ సంగతి మరిచి మొదటిసారి మా ఫ్రీజర్‌లో రెండు సీసాలు పగలగొట్టుకున్నాము.

పెట్టెగా మేము వాడేది పదిహేను లీటర్లు పట్టే థర్మోకోల్ పెట్టె. థర్మోకోల్‌లో అధికభాగం గాలే. ఆ గాలి చిన్నచిన్న గదులలో బంధించబడి కదలలేక వేడిని లోపలికి రానివ్వదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల చేపలు మంచులోనే బెంగాలు, అస్సాముల దాకా ప్రయాణం చేస్తున్నాయి. మన బిడ్డ అన్నం ఢిల్లీ దాకా వెళ్ళడం ఏపాటి? ఖరీదైన ఐసుపెట్టె కొనగలిగినవారు కొనుక్కోవచ్చు. కాని పెట్టె కంటే దానిని సర్దే తీరు ముఖ్యమని నా అనుభవం.

ప్రయాణానికి రెండు రోజుల ముందే నాలుగు లీటరు సీసాలు ఫ్రీజర్‌లో పడుకోబెడతాము. ముందురోజు వంట ముగిస్తాము. బయలుదేరే తెల్లవారుజామున వండి వేడిగా సర్దడం మా మొదటి ప్రయాణపు మూర్ఖత్వం. వేడి గిన్నెను మంచు పక్కన పెడితే ఆ గిన్నెను చల్లార్చడానికే మంచు సగం ఖర్చవుతుంది. అన్నం వండగానే వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, గంటలోపే చిన్న డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ గంట లెక్కకు కారణం ఉన్నది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మక్రిమి బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మేల్కొని పెరిగి ఒక విషపదార్థాన్ని విడుస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా నశించదు. ‘కాస్త వేడి చేస్తే సరిపోతుంది’ అని మన పెద్దలు అనే మాట అన్నం విషయంలో నమ్మదగినది కాదు. గోధుమ మానిన పిల్లవానికి మూడు పూటలా అన్నమే ఆధారం కనుక ఈ జాగ్రత్త మన ఇంటికి మరీ అవసరం.

మొత్తం మీద గుర్తుంచుకోవలసిన అంకెలు రెండే. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ నడుమ క్రిములు వేగంగా పెరుగుతాయి. వండిన ఆహారాన్ని ఆ నడిమి వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. మే నెలలో నాగపూరు స్టేషనులో నిలబడ్డవారికి ఆ ఒక్క గంట కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఏసీ బోగీలో ఉన్నాము గదా అని ధీమా పడకండి. మనకు చల్లగా తోచే ఇరవైనాలుగు, ఇరవైఅయిదు డిగ్రీలు క్రిములకు ఉగాది పండుగే.

సర్దడం ఇలా. పెట్టెలో రాత్రంతా ఒక మంచు సీసా ఉంచి లోపలి గోడలను చల్లబరుస్తాము. ఉదయం ఆ సీసా తీసి గట్టి సీసాలు పెడతాము. మూడు సీసాలు గోడల వెంట, ఒకటి అన్నిటికంటే పైన. చల్లని గాలి కిందికి దిగుతుంది కాబట్టి పైన మంచు ఉండటం మేలు. నడుమ డబ్బాలు. ఒక్కో పూటకు ఒక్కో చిన్న డబ్బా, చివర తినేది అడుగున, ముందు తినేది పైన. అలాగైతే ఒక్కసారి మూత తీసి ఒక్క డబ్బా అందుకొని వెంటనే మూయవచ్చు. తెరిచి ఎంగిలి తగిలిన డబ్బా మళ్ళీ పెట్టెలోకి పోదు. సందులలో ఖాళీ ఉంటే పాత కాగితాలు నలిపి కూరాలి, ఖాళీలోని గాలి మూత తీసినప్పుడల్లా మారుతుంది. పెరుగు డబ్బాను మాత్రం మంచుకు తాకించకుండా గుడ్డ చుట్టి పెడతాము, గడ్డకడితే అది విరిగి నీళ్ళు నీళ్ళవుతుంది. మూత చుట్టూ వెడల్పాటి టేపు అంటించి, పెట్టె మొత్తానికి ఒక పాత రజాయి చుట్టి, కింది బెర్తు అడుగున, ఎండ పడని పక్క పెడతాము.

రజాయి చూసి మా బోగీలో ఒకాయన నవ్వాడు. ‘‘చలి వేస్తుందా పెట్టెకు?’’ అన్నాడు. రజాయి వేడిని పుట్టించదు, ఉన్నదానిని ఉన్నచోట ఆపుతుంది. మన ఒంటి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వని ఆ దూదే బయటి వేడిని లోపలికి రానివ్వదు. మంచును రంపపు పొట్టులోనూ, గోనెసంచిలోనూ దాచే ఐసు బండివాళ్ళకు ఇది ఎవరూ చెప్పనవసరం లేదు.

తాగే నీళ్ళకు వేరే సంచి పెట్టుకోండి. పిల్లలు పది నిమిషాలకొకసారి నీళ్ళడుగుతారు. నీళ్ళూ అన్నమూ ఒకే పెట్టెలో ఉంటే మూత పదినిమిషాలకొకసారి లేస్తుంది, అంతటితో మంచు పని అయిపోయినట్టే. స్లీపరు బోగీలో పోయేవారు మరి రెండు సీసాలూ, వాటికి సరిపడే పెద్ద పెట్టే పెట్టుకోవాలి. దారిలో స్టేషను బయట ఐసు కొనవలసి వస్తే అది ఏ నీటితో చేసినదో తెలియదు గనుక రెండు కవర్లలో మూటగట్టి డబ్బాలకు బయట మాత్రమే వాడాలి, పానీయంలో వేయరాదు. పొగలు కక్కే ‘డ్రై ఐసు’ జోలికి కుటుంబాలతో పోవద్దు. అది ఒట్టి చేతితో తాకితే చర్మాన్ని కాలుస్తుంది, మూసిన కారులో దాని వాయువు నిండితే ఊపిరాడదు. తడిగుడ్డ చుట్టిన కుండ సంగతి కొందరు అడుగుతారు. కర్నూలు, నాగపూరు వంటి పొడి ఎండలో కుండలో నీళ్ళు హాయిగా చల్లబడతాయి. మచిలీపట్నం ఉక్కలో అంతగా చల్లబడవు. ఎక్కడైనా సరే ఆ చల్లదనం మాంసాన్ని, పెరుగన్నాన్ని కాపాడేటంతటిది కాదు.

పెట్టె మీదనే సమస్త భారమూ వేయకుండా, చల్లదనం అక్కరలేని ఆహారం ఒక సంచిలో విడిగా ఉంచడం మా అమ్మాయి ఆలోచన. వేయించిన శనగలు, బొరుగులు, పల్లీపట్టి, ఖర్జూరాలు, అరటిపండ్లు, ఇంట్లో విసిరిన మినప్పిండితో సున్నుండలు, ఎండుగా కాల్చిన జొన్నరొట్టెలు. అట్టపెట్టెలలో వచ్చే పాలు కూడా. వాటిని అత్యధిక వేడిలో కొన్ని క్షణాలు కాచి గాలి చొరకుండా మూస్తారు, తెరవనంతవరకు ఫ్రిజ్ అవసరం లేదు. బండి ఆరు గంటలు ఆలస్యమైనా ఈ సంచి ఉంటే బిస్కెట్ల పొట్లం వైపు చేయి పోదు. బస్సు ప్రయాణం అయిదారు గంటలే కనుక ఈ సంచీ, రెండు మంచు సీసాలున్న చిన్న పెట్టే చాలు.

మరొక చిన్న చిక్కు. చల్లని అన్నం పిల్లలు తినరు. పెద్ద ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు తీసుకువెళ్ళి, ఒక గిన్నెలో పోసి, అన్నం డబ్బాను అందులో పది నిమిషాలు నిలబెడితే కాస్త వెచ్చనవుతుంది. అలా వెచ్చబెట్టినది అప్పుడే తినిపించాలి, మిగిలితే పారవేయాలి. ఆహారాన్ని వృథా చేయడం నాకూ బాధే. అందుకే డబ్బాలు చిన్నవిగా కట్టమంటున్నాను.

పెద్ద మనుమడు పక్కనే పరాఠా తింటూ ఉంటే చిన్నవాని ముఖం చూడలేము. అందులోనూ రైలు సీటు మీద రాలిన గోధుమ పొరలు వాని చేతికి అంటుతాయి, ఆ చేయి నోట్లోకి పోతుంది. అందుకని మరుసటి ఏడాది ప్రయాణంలో ఒక నియమం పెట్టుకున్నాము. రైల్లో ఉన్నంతసేపు అందరమూ చిన్నవాని తిండే తింటాము. పెద్దవాడు మొదట గొణిగాడు. కోడి వేపుడూ జొన్నరొట్టే చూశాక గొణుగుడు ఆగింది. ఎదురు సీటువారికి ముందే నమస్కారం పెట్టి, ‘‘బాబుకు వైద్యుడు పథ్యం చెప్పాడు, దయచేసి ఏమీ పెట్టవద్దు’’ అని మొదటి గంటలోనే చెప్పాను. అందరూ అర్థం చేసుకున్నారు. ఒక తల్లి అయితే తన పిల్లల బిస్కెట్లు సంచిలో దాచి, మా శనగలు అడిగి తీసుకుని వాళ్ళకు పెట్టింది.

ఆసారి కూడా బండి ఆలస్యమే. మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి కోడి వేపుడూ రొట్టే, మర్నాడు పొద్దున ఉడికించిన గుడ్లు, అన్నీ తీసిన క్షణంలో చేతికి చల్లగా తగిలాయి. ఢిల్లీలో దిగాక అమ్మాయి పెట్టె టేపు విప్పింది. చిన్నవాడు పై సీసా తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల మంచుముద్ద టకటకమన్నది.

‘‘నానా, ఇంకా ఉంది!’’ అన్నాడు.

సీసా అందుకుని నేనూ ఊపి చూశాను. అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. ఇంటికి చేరగానే నాలుగు సీసాలూ కడిగి, నాలుగు వేళ్ళు వెలితిగా నింపి, నా తిరుగు ప్రయాణం కోసం వాళ్ళ ఫ్రీజర్‌లో పడుకోబెట్టాను. తిరుగు ప్రయాణంలో పథ్యం పిల్లవాడు ఉండడు గదా అని అల్లుడు అన్నాడు. ఉండడు. కాని వాళ్ళ నానీకి ఢిల్లీ నుంచి ఖోవా తెస్తానని మాట ఇచ్చి వచ్చాను.